1850కి ముందటి అమెరికా స్త్రీ పుట్టింటిని వెతకడం ఎలా?

అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో వియ్యాలవారు మసాచుసెట్స్ వాళ్లో వర్జీనియా వాళ్లో కావడం ఇప్పుడు వింతేమీ కాదు. స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారని మనవరాలు కాగితం తెస్తుంది. మన వైపు ముత్తాత దాకా నోటికి చెప్పేస్తాం. కోడలి వైపు మగవాళ్ల పేర్లు కూడా ఆరేడు తరాల దాకా చకచకా దొరుకుతాయి. చిక్కంతా ఆడవాళ్ల దగ్గరే. 1800 ప్రాంతానికి వచ్చేసరికి "మేరీ, భార్య" అని ఉంటుంది, అంతే. ఏ ఊరి మేరీ, ఎవరి కూతురు?

దీనికి కారణం రికార్డులు పోవడం ఒక్కటే కాదు. బ్రిటిష్ వలస పాలన కాలంలో అమలైన ఇంగ్లిష్ చట్టం పెళ్లయిన స్త్రీని భర్తకు వేరుగా గుర్తించలేదు. తన పేరున పొలం కొనడానికి, దావా వేయడానికి, భర్త ఒప్పుకోకుండా వీలునామా రాయడానికి ఆమెకు వీల్లేదు. 1839లో మిసిసిపీ, 1848లో న్యూయార్క్ చేసిన చట్టాలతో ఆస్తి విషయంలో పరిస్థితి మెల్లగా మారడం మొదలైంది. అంతకు ముందరి స్త్రీని పేరుతో వెతికితే చాలాసార్లు చెయ్యి ఖాళీగానే వస్తుంది. ఆమెకు రావలసిన వాటా ఎప్పుడు, ఎవరి ద్వారా పంచారో వెతకండి. ఆస్తి పంపకం దగ్గర మాత్రం గుమాస్తాలు ఎవరినీ వదలకుండా రాశారు.

చావు నుంచి వెనక్కి రండి

పుట్టిన తేదీ కోసం మొదటే వెతుకులాట పెట్టుకోవద్దు. ఆమె చనిపోయిన ఊరు, సంవత్సరం, సమాధి రాయి, పిల్లల పేర్లు ముందు పోగు చేయండి. పిల్లలంటే మీ కోడలికి పూర్వీకుడైన ఒక్కడే కాదు, మొత్తం సంతానం. మసాచుసెట్స్‌లో 1841 నుంచి రాష్ట్రమంతటా జనన మరణాలు నమోదు చేస్తున్నారు. 1785లో పుట్టిన కడగొట్టు కూతురు 1860 దాకా బతికి ఉంటే, ఆమె మరణ నమోదులో తల్లిదండ్రుల పేర్లు దొరికే అవకాశం బాగా ఉంది. అన్నకు దొరకనిది చెల్లికి దొరుకుతుంది. అయితే ఆ వివరాలు చెప్పింది చనిపోయిన మనిషి కాదు, ఏ అల్లుడో మనవడో. అమ్మమ్మ పుట్టింటి పేరు అల్లుడికి ఎంతవరకు తెలుసో మీకూ తెలుసు. కాబట్టి అది సాక్ష్యమే గానీ తీర్పు కాదు.

జనాభా లెక్కల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 1790 నుంచి 1840 వరకు ఇంటి యజమాని పేరు మాత్రమే రాసి, మిగతావాళ్లను అంకెల్లో చూపించారు. 1790లోనైతే తెల్లజాతి ఆడవాళ్లందరికీ కలిపి ఒకే గడి, పసిపిల్ల అయినా ముసలమ్మ అయినా అందులోనే. 1800 నుంచి ఆడవాళ్లకూ వయసుల వారీగా గడులు వచ్చాయి. స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాసింది 1850లో. యజమానికి ఏమవుతారో రాసింది 1880లో. వీటితో ఒక పని మాత్రం అవుతుంది: యజమానిగా ఆమె పేరే కనిపిస్తే ఆ ఏడాదికి భర్త పోయి ఉంటాడు. అంటే అతని ఆస్తి కాగితాలు అంతకు ముందు ఏళ్లలోనే వెతకాలి.

ఊరు ఏ కౌంటీలో ఉందో, తేదీ ఏ క్యాలెండర్‌దో చూసుకోండి

ఈ రెండూ తేల్చుకోకుండా వెతకడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఊరు కదలదు, కౌంటీ సరిహద్దులు కదులుతాయి. మెయిన్ రాష్ట్రం 1820 దాకా మసాచుసెట్స్‌లో భాగం. కెనెబెక్ కౌంటీ 1799లో లింకన్ కౌంటీ నుంచి విడిపోయింది. అందుకని కెనెబెక్ నది ఒడ్డున 1790లో జరిగిన పొలం అమ్మకం కాగితం కోసం లింకన్ కౌంటీ పుస్తకాలు తిరగేయాలి.

తేదీల సంగతి ఇంకో తలనొప్పి. ఇంగ్లిష్ వలసల్లో 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ ఏడాది సెప్టెంబరు 2 తర్వాతి రోజును 14గా లెక్కపెట్టారు. జార్జ్ వాషింగ్టన్ పుట్టింది పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11, కొత్త లెక్కలో 1732 ఫిబ్రవరి 22. జనవరి నుంచి మార్చి 24 మధ్య తేదీ కనిపిస్తే రెండేళ్లూ కలిపి 1731/32 అని రాసుకోండి. లేకపోతే పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు లెక్క తేలి, లేనిపోని కథ అల్లేస్తారు. క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్ల కాగితాల్లో నెలలకు పేర్లుండవు, అంకెలే. 1752కి ముందు వాళ్ల మొదటి నెల మార్చి.

చేయి తిరగడానికి తెలిసిన మనిషితో మొదలుపెట్టండి

మీ వాళ్ల పని పట్టుకునే ముందు, జవాబు తెలిసిన ఒక కేసుతో సాధన చేయండి. మార్తా బల్లార్డ్ దీనికి సరిగ్గా సరిపోతుంది. మెయిన్‌లోని హాలోవెల్‌లో మంత్రసాని. 1785 నుంచి 1812 దాకా దాదాపు ప్రతిరోజూ డైరీ రాసింది. 816 పురుళ్లు పోసిన లెక్క అందులో ఉంది. అంతటి మనిషి పోయినప్పుడు పత్రికలో వచ్చింది ఒక్క వాక్యం: ఆగస్టాలో ఇఫ్రాయిమ్ బల్లార్డ్ గారి భార్య మార్తా, 77 ఏళ్ల వయసులో మరణించారని. పుట్టింటి పేరు లేదు, చేసిన పని లేదు.

ఇప్పుడు ఆ ఒక్క వాక్యం చేతిలో పెట్టుకుని వెనక్కి రండి. 1812లో 77 అంటే 1735 ప్రాంతంలో పుట్టి ఉండాలి. 1790 లెక్కల్లో ఆమె ఇఫ్రాయిమ్ ఇంట్లో ఒక అంకె. కాబట్టి ఇఫ్రాయిమ్‌ను పట్టుకోండి. అతను సర్వేయరు, మసాచుసెట్స్‌లోని ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చాడు. మసాచుసెట్స్ ఊళ్లలో చాలావాటికి 1850 దాకా జనన, వివాహ, మరణాల నమోదులు అచ్చుపుస్తకాలుగా వచ్చాయి, ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. ఆక్స్‌ఫర్డ్ నమోదుల్లో 1754లో ఇఫ్రాయిమ్ పెళ్లి చేసుకున్న అమ్మాయి మార్తా మూర్. మూర్ అని తేలాక అదే ఊళ్లో మూర్ కుటుంబాన్ని చూస్తే ఎలైజా మూర్, డోరతీ లర్నెడ్ దంపతుల బిడ్డ అని తెలుస్తుంది. చెల్లెలు డోరతీ స్టీఫెన్ బార్టన్‌ను చేసుకుంది. అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపించిన క్లారా బార్టన్ ఆ డోరతీ మనవరాలే. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే.

పిల్లల వరుస కూడా రాయండి. 1769 వేసవిలో గొంతువాపు జబ్బు, అంటే డిప్తీరియా, ఆక్స్‌ఫర్డ్‌ను పట్టుకుని కొద్ది రోజుల తేడాలో ముగ్గురు బల్లార్డ్ ఆడపిల్లల్ని తీసుకుపోయింది. పోయినవాళ్లలో ఒకరి పేరు డోరతీ, మార్తా తల్లి పేరు. తర్వాత పుట్టిన ఇంకో కూతురికి మళ్లీ అదే పేరు పెట్టారు. చనిపోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం ఆ కాలంలో మామూలు. ఒకే ఇంట్లో రెండు డోరతీలు కనిపిస్తే ఎవరో తప్పు రాశారని ఒకదాన్ని కొట్టేయకండి. అమ్మమ్మ పేరు పిల్లకు రావడం పుట్టింటికి ఒక జాడే, కానీ దాని ఒక్కదాని మీద వంశం కట్టకూడదు.

వీలునామాలు: పనిలో సగం ఇక్కడే

ఆమె తండ్రి ఎవరై ఉండొచ్చో ముగ్గురు నలుగురిని అనుకోండి. పెళ్లి నాటికి భర్త ఇంటికి అయిదారు మైళ్ల లోపల ఉన్నవాళ్లు ముందు. ఆ రోజుల్లో కుర్రాడు పిల్లను చూడ్డానికి నడిచో గుర్రం మీదో వెళ్లాలి కదా. ఆ నలుగురి ఆస్తి కాగితాలు ఒక్కొక్కటిగా చదవండి. వీలునామాలో "నా కూతురు మేరీకి, అంటే జాన్ స్మిత్ భార్యకు" అన్న మాట దొరికిందా, పండగే.

వీలునామా ఒక్కటి చదివి ఆపేస్తే సగం వదిలేసినట్టే. దానితో పాటు ఫైలులో సామాన్ల జాబితా, ఖర్చుల లెక్క, చివర్లో పంపకం కాగితం, ఎవరి వాటా వాళ్లకు ముట్టినట్టు రసీదులు ఉంటాయి. తండ్రి వీలునామాలో "నా నలుగురు కూతుళ్లకు సమానంగా" అని ఊరుకున్నా, పంపకం నాడు డబ్బు తీసుకుని సంతకం పెట్టింది అల్లుళ్లు. నలుగురు తోడల్లుళ్ల సంతకాలు వరసగా కనిపిస్తే అక్కచెల్లెళ్లు నలుగురూ దొరికినట్టే. వీలునామా లేకుండా పోయినవాళ్ల కాగితాలు ఇంకా మంచివి, ఎందుకంటే అప్పుడు వారసులందరినీ కోర్టు లెక్క తేల్చాలి. మైనర్ పిల్లలుంటే గార్డియన్ నియామకం ఉంటుంది, ఆ గార్డియన్ చాలాసార్లు తల్లి వైపు మేనమామ.

భర్త చనిపోయినప్పటి ఫైలూ వదలొద్దు. అతని భూమిలో మూడో వంతు మీద భార్యకు బతికున్నన్నాళ్లూ హక్కు. అది కొలిచి ఇచ్చిన కాగితాలు చదువుతుంటే ఇల్లు కళ్లకు కడుతుంది: కింద తూర్పు గది ఆమెది, నేలమాళిగలో ఒక మూల ఆమెది, బావికి నడిచే దారి హక్కు, రొట్టె కాల్చుకునే పొయ్యి మీద హక్కు, ఒక ఆవు. మిగతా ఇల్లు కొడుకుది. కొన్నేళ్లకు ఆ మూడో వంతును పిల్లలు మళ్లీ పంచుకుంటే ఆమె పోయిందని, లేదా హక్కు వదులుకుందని అర్థం.

దస్తావేజులు

తండ్రి బతికుండగానే కూతురికి ఇచ్చేసి ఉంటే వీలునామాలో ఆమెకు ఐదు షిల్లింగులే కనిపిస్తాయి. కోపంతో వదిలేశాడని తీర్మానించకండి. మన పసుపు కుంకుమల పొలంలాగా అది పెళ్లినాడే అల్లుడి చేతికి వెళ్లి ఉండొచ్చు. "ప్రేమాభిమానాలతో" అని, లేదా నామమాత్రపు ధరకు ఒక పెద్దమనిషి యువకుడికి పొలం రాసిన దస్తావేజు కనిపిస్తే ఇద్దరి మధ్య బంధుత్వం వెతకండి.

భర్త పొలం అమ్మినప్పుడల్లా భార్య తన మూడో వంతు హక్కు వదులుకుంటున్నట్టు ఒప్పుకోవాలి. దక్షిణాది ప్రాంతాల్లో జడ్జి ఆమెను భర్త లేకుండా పక్కకు పిలిచి, బలవంతం ఏమైనా ఉందా అని అడిగి రాసేవాడు. ఈ ఒప్పుకోళ్లను ఏళ్ల వరసలో పేర్చండి. 1782లో సారా, 1786లో హానా ఉంటే మొదటి భార్య పోయి రెండో భార్య వచ్చిన కాలం తేలినట్టే. ఏ పిల్లలకు ఏ తల్లి అన్న చిక్కు చాలా ఇళ్లలో ఇలాగే విడిపోతుంది.

సూచికలో అమ్మినవాళ్ల పేర్ల దగ్గర ఒక పేరు రాసి పక్కన "ఎట్ ఆల్" అని ఉంటే దాన్ని తప్పకుండా తెరవండి. "ఇంకా తదితరులు" అన్న ఆ చిన్న మాట వెనకే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బావలు అందరూ దాక్కుని ఉంటారు. ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఇప్పుడు చేతిరాత దస్తావేజులను కంప్యూటరే చదివి వెతికిపెట్టే సౌకర్యం ఉచితంగా ఉంది. సూచికలో లేని భార్య పేరు కూడా లోపలి వాక్యాల్లోంచి బయటికి వస్తుంది. చదవడంలో తప్పులు చేస్తుంది కాబట్టి అసలు పేజీ బొమ్మ మీ కళ్లతో చూడందే దేన్నీ ఖాయం చేయకండి.

సైనికుడి వితంతువైతే అదృష్టమే

ఆమె భర్త స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి, ఆమె 1836 తర్వాత కూడా బతికి ఉంటే మిగతా పని ఆపి పెన్షన్ ఫైలు తెరవండి. 1836 చట్టం భర్త సైన్యంలో ఉండగానో అంతకు ముందో పెళ్లయిన వితంతువులకు పెన్షన్ ఇచ్చింది. 1838 చట్టం 1794కి ముందు పెళ్లయిన వాళ్లకూ దారి తెరిచింది. పెన్షన్ కావాలంటే పెళ్లి రుజువు చేయాలి. యాభై ఏళ్ల కిందటి పెళ్లికి సర్టిఫికెట్ ఎక్కడిది? దాంతో ఎనభై ఏళ్ల ముసలమ్మ కౌంటీ కోర్టుకు వచ్చి, ఫలానా ఊళ్లో మా నాన్న ఇంట్లో, ఫలానా పాస్టర్ పెళ్లి చేశాడని చెప్పేది. గుమాస్తా రాసుకుంటే కింద ఎక్స్ గుర్తు పెట్టేది. పెళ్లికి వచ్చిన చెల్లెలో తమ్ముడో సాక్ష్యం చెప్పేవారు. కొందరైతే ఇంటి బైబిల్లో పుట్టినరోజులు రాసుకున్న పేజీనే చింపి వాషింగ్టన్‌కు పంపేశారు. ఆ చిరిగిన పేజీలు నేటికీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

వితంతువుల ఫైలు నంబరు డబ్ల్యూ అక్షరంతో, తిరస్కరించినవి ఆర్ అక్షరంతో మొదలవుతాయి. తిరస్కరించిన ఫైలును చూసి నీరుగారిపోవద్దు. రుజువు చాలలేదన్నకొద్దీ వాళ్లు ఇంకా కాగితాలు పంపేవాళ్లు, మనకు అదే లాభం. అన్నట్టు, డెబోరా శాంప్సన్ మగవేషంలో రాబర్ట్ షర్ట్‌లిఫ్ పేరుతో పోరాడి తన పెన్షన్ తానే తెచ్చుకుంది. ఆమె పోయాక భర్త బెంజమిన్ గానెట్ కూడా పెన్షన్ అడిగాడు. అది మంజూరై వచ్చేసరికి 1838 అయింది, అప్పటికి ఆయనా లేడు, వారసులకు ఇచ్చారు.

బైబిల్ పేజీ దొరికితే దాని అచ్చు సంవత్సరం చూడండి. 1816లో అచ్చయిన బైబిల్లో 1770ల పుట్టుకలు ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉన్నాయంటే ఎవరో తర్వాత గుర్తు తెచ్చుకుని రాశారన్నమాట. ఏళ్లు గడిచేకొద్దీ సిరా, రాత మారుతూ ఉంటే దాని విలువే వేరు.

ప్రాంతాన్ని బట్టి పుస్తకం మారుతుంది

న్యూ ఇంగ్లండ్‌లో, అంటే మసాచుసెట్స్, మెయిన్ ఉన్న ఈశాన్య ప్రాంతంలో, ఊరి గుమాస్తా నమోదులు, చర్చి సభ్యత్వాలు బలం. 1620 నుంచి 1640 మధ్య వచ్చినవాళ్లైతే బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ వాళ్ల గ్రేట్ మైగ్రేషన్ సంపుటాలు ముందు చూడండి, ఉన్నదేదో లేనిదేదో నిర్మొహమాటంగా చెబుతాయి. మేఫ్లవర్ ఓడలో వచ్చిన యాత్రికుల మొదటి ఐదు తరాలకూ అలాంటి పుస్తకాలున్నాయి.

పెన్సిల్వేనియాలో క్వేకర్లు తగిలితే మీ పంట పండినట్టే. పెళ్లికి వచ్చినవాళ్లంతా పెళ్లి పత్రం మీద సంతకం చేసేవారు, ఆడవాళ్లతో సహా. ఆడవాళ్ల సమావేశాలకు వేరే మినిట్స్ కూడా ఉండేవి. మతం బయట పెళ్లి చేసుకున్న పిల్లను వెలి వేసినప్పుడు పాత పేరు, కొత్త పేరు రెండూ రాసేవారు.

న్యూయార్క్ డచ్ వాళ్లలో స్త్రీ పెళ్లయ్యాక కూడా సొంత పేరే వాడుకునేది. పిల్లల బాప్తిస్మ నమోదులో తల్లి పేరు విడిగా ఉంటుంది, పక్కన సాక్షులుగా తాతమ్మలు, మేనత్తలు. కానీ ఇక్కడే జాగ్రత్త. ఆనెకె యాన్స్ అన్న డచ్ వలస స్త్రీ 1663లో వీలునామా రాసి పోయింది. మాన్‌హాటన్‌లో ఆమె పొలం తర్వాత ట్రినిటీ చర్చికి చేరింది. ఆ పొలంలో వాటా వస్తుందని చెప్పి తరతరాలుగా "వారసుల" దగ్గర డబ్బు వసూలు చేశారు, ఆమె డచ్ రాకుమారుడి మనవరాలని కథ కూడా పుట్టించారు. రెండూ అబద్ధాలే, రెండూ ఇంటర్నెట్ వంశవృక్షాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

వర్జీనియా పరిస్థితి వేరు. కోర్టులు కాలిపోయాయి, కొన్ని కౌంటీలు భద్రంగా ఉంటాయని రిచ్‌మండ్‌కు పంపిన పుస్తకాలు 1865లో అక్కడ బూడిదయ్యాయి. మిగిలిన పెళ్లి హామీ పత్రాల్లో జామీను ఉన్నది ఎవరో చూడండి. తరచుగా అది పిల్ల తండ్రో అన్నో.

పాత కాగితాల్లో "మదర్ ఇన్ లా" అంటే సవతి తల్లి కావచ్చు. "సీనియర్, జూనియర్" తండ్రీకొడుకులే కానక్కర్లేదు, ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరైనా అలాగే రాసేవారు. వీలునామాలో "నా ఇప్పటి భార్య" అని ఉన్నంత మాత్రాన ముందొకరు ఉన్నట్టు కాదు.

బానిసత్వంలో ఉన్న స్త్రీ అయితే

దారి మారుతుంది. యజమాని ఎవరో తేలాలి, అతని ఆస్తి జాబితాలు చదవాలి. పశువుల పక్కన మనుషుల పేర్లు, ఎదురుగా ధర ఉంటాయి. చదవడానికి గుండె రాయి చేసుకోవాలి. 1662 వర్జీనియా చట్టం బిడ్డ స్థితి తల్లిని బట్టే అని తేల్చింది. ఆ క్రూరత్వం వల్లనే యజమానుల పుస్తకాల్లో తల్లీబిడ్డల జతలు కొన్నిచోట్ల నమోదయ్యాయి. 1850, 1860 బానిసల పట్టికల్లో సాధారణంగా పేర్లుండవు, వయసు, లింగం, రంగు మాత్రమే. విముక్తి పొందినవాళ్లందరి పేర్లూ జనాభా లెక్కల్లోకి వచ్చింది 1870లో. 1865 తర్వాతి ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో (విముక్తి పొందినవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన కార్యాలయం) కాగితాలు, వాళ్ల కోసమే పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాల పుస్తకాలు తప్పక చూడండి. ఖాతా తెరిచేటప్పుడు తల్లిదండ్రులు, తోబుట్టువుల పేర్లు అడిగేవారు.

ఇంట్లో చెప్పుకునే మాటను కొట్టిపారేయకండి. అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ దగ్గర బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ కొడుకు మాడిసన్ తన తల్లి, అమ్మమ్మ, ముత్తమ్మమ్మల సంగతి 1873లో ఒహాయో పత్రికకు చెప్పాడు. తన తండ్రి జెఫర్సనే అన్నాడు. చాలాకాలం చాలామంది నమ్మలేదు. 1998లో మాడిసన్ తమ్ముడు ఎస్టన్ వంశంలో మగవాళ్ల డీఎన్‌ఏ జెఫర్సన్ వంశపు మగవాళ్లతో కలిసింది.

డీఎన్‌ఏ, ఇంటర్నెట్ చెట్లు

మామూలు డీఎన్‌ఏ పరీక్ష ఐదారు తరాలు దాటాక బలం తగ్గిపోతుంది. తల్లి నుంచి బిడ్డకు వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ మాత్రం ఎన్నో తరాలు దాదాపు మారకుండా నడుస్తుంది. ఆమె నుంచి కూతురు, కూతురి కూతురు అంటూ తెగకుండా వచ్చిన ఇప్పటి మనిషి ఒకరు, ఆమె చెల్లెలని మీరు అనుమానిస్తున్న స్త్రీ నుంచి అలాగే వచ్చిన ఇంకొకరు దొరకాలి. ఇద్దరిదీ కలవకపోతే మీ అనుమానం చాలావరకు తప్పు. కలిస్తే మాత్రం రుజువైపోయినట్టు కాదు, సాధ్యమే అన్నంత వరకే.

ఇంటర్నెట్‌లో పెట్టిన చెట్లను ఆచూకీకి వాడుకోండి, నకలు చేసుకోకండి. వాటిలో ఎక్కువగా కనిపించే తప్పు ఒకటుంది: పుట్టింటి పేరు తెలియక భర్త ఇంటిపేరునే అక్కడా నింపేస్తారు. జాన్ స్మిత్ భార్య మేరీ స్మిత్, తండ్రి ఎవరో ఒక స్మిత్! దాన్ని ఇంకో వందమంది ఎక్కించుకుంటారు. చెట్టులో ప్రతి పేరుకూ ఏ పుస్తకం, ఏ పేజీ అని అడగండి. జవాబు లేకపోతే ముందుకు వెళ్లిపోండి.

మీరు నింపేటప్పుడు కూడా అంతే. పుట్టింటి పేరు తేలలేదా, ఆ గడిని ఖాళీగా వదిలేయండి. పక్కన నోట్స్‌లో ఎవరి ఫైళ్లు చదివారో, ఎవరి కూతురు కాదని తేలిందో తేదీ వేసి రాయండి. మనవరాలి స్కూలు కాగితంలో అక్కడ "మేరీ, సుమారు 1768" అని రాస్తే చాలు, టీచరేమీ మార్కులు తగ్గించదు.